ఉమ్మడి కొరివి

పెళ్ళీ పిల్లలూ వద్దనుకుని, ఆడా మగా అంతా ఉమ్మడిగా బతికే మఠం ఒకటుండేది. వాళ్ళు బీడు భూములు కొని, బాగుచేసి కౌలుకిచ్చేవారు. మిగిలిన సొమ్ము గానుగల్లో, సరుకు పడవల్లో పెట్టేవారు. పత్రాలన్నీ పెద్దాయన పేరయ్య పేరనే ఉండేవి. ఆయన కన్నుమూశాడు. శవం లేవకముందే దివాను గుర్రం దిగాడు.

"వారసుల్లేని ఆస్తి రాజుగారిది. రేపటికల్లా ఖాళీ చెయ్యండి!"

మఠంలో కౌళ్ళు చూసే సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. జానెడు నేల కూడా పోనివ్వకూడదనుకుంది. నిప్పుకుండ తెచ్చి దివాను ముందు పెట్టింది.

"అలాగే బాబూ. ఆస్తి తీసుకునేవాడే గదా తలకొరివి పెట్టాలి! రాజుగారి తరఫున తమరొచ్చారు. గుండు చేయించుకుని కుండ అందుకోండి."

దివాను వెనక్కి గెంతాడు. "మా నాన్న బతికుండగా నేను కొరివి పెట్టడమేంటి? రాజుగారు మాత్రం పెడతారా? మీ మనిషికి మీరే పెట్టుకోండి!"

"విన్నారుగా!" అంది సూరమ్మ ఊరివాళ్ళతో. "కొరివి మాదేనని దివానుగారే తీర్పిచ్చారు. మరి ఆస్తెవరిది బాబూ?"

దివాను గుర్రమెక్కి వచ్చిన దారినే పోయాడు. మఠంవాళ్ళంతా ఒకే కొరివి మీద చేతులేసి చితి అంటించారు.

మర్నాడే సూరమ్మ పత్రాలన్నీ అందరి పేరా తిరగరాయించింది. ఇక అందరూ ఒక్కసారే చస్తే తప్ప దివానుకు అక్కడ గుర్రం దిగే పనిలేదు.