వడ్రంగిపిట్ట మింగేసిన మాట

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున ఒక బడి ఉండేదట పిల్లలూ. ఆ బడికి పెద్ద మాస్టారు ఎలుగుబంటి. చదువు చెప్పడంలో దిట్ట. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

ఆ బడిలో మంకెన అనే వడ్రంగిపిట్ట పిల్ల చదువుకునేది. దానికి కాస్త నోరెక్కువ. ఒకరోజు దూది అనే కుందేలు పిల్ల నిలబడి పాఠం చదువుతుంటే, "నీ పళ్ళు గునపాల్లా ఉన్నాయే!" అని అరిచింది. తరగతంతా గొల్లున నవ్వింది. పాపం దూది, ఏడుస్తూ వెళ్ళి మూల కూర్చుంది.

"నోటికెంత మాటొస్తే అంత అనేయడమేనా? నోరు మూసుకో!" అని మాస్టారు గద్దించారు.

మంకెనకు సిగ్గేసింది. ఆ రోజు నుంచి నిజంగానే నోరు మూసుకుంది. చెడ్డమాటే కాదు, మంచిమాట కూడా మింగేసేది. "ఇప్పుడు బుద్ధిమంతురాలివయ్యావు" అని మాస్టారు మెచ్చుకున్నారు కూడాను!

ఇంతలో బడి పండుగ దగ్గరపడింది. పిల్లలంతా మీద నిలబడి పాట పాడేందుకు మాస్టారు స్వయంగా ఒక లావుపాటి దుంగను ఏరి తెచ్చి, వాగుకు అడ్డంగా వేయించారు. మంకెన అలవాటు కొద్దీ దుంగను ముక్కుతో కొట్టి చూసింది. టక్కుటక్కుమనాల్సింది డబ్బుడబ్బుమంది. లోపలంతా చెదలు తినేసి డొల్ల!

పరుగున వెళ్ళి తన తరగతిలోని ఉడుతకు చెప్పింది.

"ఊరుకోవే! మాస్టారు తెచ్చిన దుంగకే వంక పెడతావా? మనకెందుకొచ్చిన గొడవ!" అంది ఉడుత. మంకెన ఊరుకుంది.

మర్నాడు, "పండుగ గురించి ఎవరైనా ఏమైనా చెప్పాలా?" అని మాస్టారే అడిగారు. మంకెనకు మాట నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసి మళ్ళీ మింగేసింది.

పండుగ రోజు రానే వచ్చింది. వరసలో అందరికన్నా ముందు దూది. దుంగ మీద కాలు పెట్టబోతోంది. కింద వాగులో అన్నీ బండరాళ్ళే.

"ఒకసారి మాటతో దాన్ని ఏడిపించాను. ఇప్పుడు మాట్లాడకుండా దాని ప్రాణం తీస్తానా?" అనుకుంది మంకెన.

"ఆగు దూదీ! మాస్టారూ, ఆ దుంగ డొల్లండీ! నేను కొట్టి చూశానండీ!" అని గొంతు చించుకుని అరిచింది.

మాస్టారు గుర్రుమన్నారు. అయినా వెళ్ళి పంజాతో దుంగను ఒక్క నొక్కు నొక్కారు. అది ఫెళ్ళున విరిగి రాళ్ళ మీద పడింది.

మాస్టారు మంకెన ముందుకొచ్చి రెండు చేతులూ జోడించారు.

"తల్లీ, ఇంతమంది బిడ్డల్ని కాపాడావు. నీ మేలు ఎన్నటికీ మరవను. ఈ సంగతి నీకెప్పుడు తెలిసిందమ్మా?"

"మొన్ననేనండీ. మీరు కోప్పడతారని..."

మాస్టారు తల దించుకున్నారు. "తప్పు నాదేనమ్మా. నొప్పించే మాట వద్దనాల్సింది పోయి, అసలు మాటే వద్దన్నాను" అన్నారు.

దూది వచ్చి మంకెనను హత్తుకుంది.

"ఆ రోజు నిన్ను అలా అన్నందుకు నన్ను క్షమించవే" అంది మంకెన కళ్ళనీళ్ళతో.

"అది ఎప్పుడో మరిచిపోయాను. ఈరోజు నువ్వన్న 'ఆగు' మాత్రం బతికున్నంత కాలం గుర్తుంచుకుంటాను" అంది దూది.

ఆ ఏడు పిల్లలు నేల మీదే నిలబడి పాట పాడారు. అందరికన్నా పెద్ద గొంతు మంకెనదే. శ్రుతి తప్పినా సరే, మాస్టారు తలూపుతూ విన్నారు.

నీతి: ఎదుటివారిని నొప్పించే మాటను ఆపుకోవాలి, వారిని కాపాడే నిజాన్ని మాత్రం ఎవరికీ భయపడి దాచకూడదు.