చెంగయ్య నక్క పెట్టిన గెంతుల బడి

బొమ్మరాళ్ల గుట్టమీద మేకపిల్లలు రోజంతా ఆడుకునేవి. బండలమీద గెంతేవి, ఒకదాన్నొకటి కుమ్ముకునేవి, కిందపడి లేచేవి. ఏ రాయి జారుతుందో, ఏ రాయి ఆగుతుందో ఎవరూ చెప్పకుండానే వాటి కాళ్లకు తెలిసిపోయేది. దీనివల్ల నష్టపోయింది గుట్టకింద కాపురముండే చెంగయ్య నక్క. రెండేళ్లుగా వాడికి ఒక్క పిల్లా చిక్కలేదు.

ఒక ఉదయం వాడు కాస్త దూరంలో కూర్చుని బొల్లిమేకను పలకరించాడు.

"బొల్లక్కా, నీ పిల్లకు ఎన్నో నెల?"

"రెండు నిండాయి. నీకెందుకు?"

"నాకెందుకులే. పక్క గుట్టమీద ఆ వయసు పిల్లలు ముప్పై రకాల గెంతులు అప్పజెబుతున్నాయి. మీవి ఇంకా ఆడుకుంటున్నాయి, పాపం."

ఆ 'పాపం' బొల్లిమేకకు గుచ్చుకుంది. సాయంత్రానికి తల్లులందరికీ దిగులు పట్టుకుంది. పిల్లలు వెనకబడిపోతాయన్న భయం ముందు నక్క భయం చిన్నదైపోయింది.

మర్నాడు చెంగయ్య మూడు నెలల బడి పెడతానన్నాడు. మాంసం మానేసి నెలయిందని, రేగుపళ్లతో బతుకుతున్నానని ఒట్టు వేశాడు.

"పిల్లలు కదలకూడదు. గెంతులన్నీ నోటికి రావాలి. కాళ్లతో పనిలేదు" అన్నాడు.

ముసలిమేక సాలమ్మ నెమరేస్తూ విన్నది. తల్లులు ఇప్పుడు ఎవరి మాటా వినరని ఆమెకు తెలుసు. అందుకే బడి వద్దనలేదు.

"అంత గొప్ప చదువైతే చెంగయ్యా, నీ కొడుకునూ ముందు వరసలో కూర్చోబెట్టు. వాడు కదిలిన రోజు మా పిల్లలూ లేచిపోతాయి" అంది.

చెంగయ్య కాసేపు ఆలోచించాడు. కొడుకు చిట్టిగాడు అప్పుడప్పుడే తోకలు పట్టి లాగే వయసులో ఉన్నాడు. మూడు నెలలేగా అనుకుని, "సరే అత్తా" అన్నాడు.

"బడి వదిలాక పిల్లల్ని నేనే ఇంటికి తోలుకుపోతా. ముసలిదాన్ని, దారిలో కాస్త ఆలస్యమవుతుంది."

"అది నీ ఇష్టం."

బడి జరుగుతున్నంతసేపూ ఇద్దరు తల్లులు కొమ్ములు చూపిస్తూ కాపలా ఉండేవారు. చెంగయ్యకు తొందర లేదు. కాళ్లు మొద్దుబారిన పిల్లలు ఎప్పటికైనా తనవేనని వాడి లెక్క.

"నక్క ఎడమనుంచి వస్తే కుడివైపు గెంతవలెను" అని పిల్లలన్నీ కూర్చునే వల్లించేవి. అందరికంటే బాగా వల్లించేది చిట్టిగాడే. వాడు కదిలితే బడి మూతపడుతుందని చెంగయ్య ఇంట్లో కూడా కూర్చోబెట్టి అవే పాఠాలు చదివించేవాడు. ఆడుకుందామని పిట్టల వెంట పడబోతే చెవి మెలిపెట్టేవాడు.

సాలమ్మ మాత్రం బండల దారినే ఇంటికి బయల్దేరేది. నాలుగడుగులు వేసి, మోకాళ్లు నొప్పులంటూ కూలబడేది. ఆమె లేచేదాకా పిల్లలు బండబండా ఎక్కి దూకేవి. రోజూ చీకటి పడేదాకా ఆమె నొప్పులు తగ్గేవి కావు.

మూడో నెలలో తొలకరి కురిసింది. కాపలా తల్లులు లేతగడ్డికి ఆశపడి పక్కకు పోయారు.

"చిట్టీ, నువ్వు అటు కాయి" అని చెంగయ్య బొల్లిమేక పిల్లమీదికి దూకాడు.

అది తడిబండను వదిలి గరుకుబండ ఎక్కింది, అక్కణ్ణుంచి చిట్టిగాడి తలమీదుగా దూకి పైకి పోయింది. మిగతావీ దాని వెనకే పోయాయి. చిట్టిగాడు లేచి నిలబడి, పాఠం తప్పులేకుండా అప్పజెప్పి, కుడివైపు గెంతి బురదగుంటలో పడ్డాడు.

పైనుంచి సాలమ్మ అంది, "వాణ్ణి కొట్టకు పంతులూ. నువ్వు నేర్పిందే చేశాడు."

ఆ రాత్రి నక్క పెళ్లాం కొడుకును చూసి ఏడ్చింది. మిడతను కూడా పట్టలేని వీడు రేపు ఎలా బతుకుతాడని అడిగింది.

మర్నాడు గుట్టమీంచి మేకలు కిందికి చూశాయి. చెంగయ్య వెల్లకిలా పడుకుని, తోక ఆడిస్తూ, "పట్టుకో నాన్నా, పట్టుకో" అని బతిమాలుతున్నాడు.

చిట్టిగాడు కదలకుండా కూర్చుని అడిగాడు, "ఇది ఎన్నో పాఠం నాన్నా?"

నీతి: పసితనంలో ఆటే చదువు; ఆట మాన్పించినవాడు పిల్లల కాళ్లు విరగ్గొట్టినవాడే.