రాజుగారి పళ్ళెంలో మొదటి ముద్ద

కుంభగిరి రాజుకు నలభై అయిదేళ్ళకే మతిమరుపు పట్టుకుంది. ఆయన ఏళ్ళ తరబడి ఒంటరిగానే భోంచేసేవాడు. విషం భయంతో ప్రతి వంటకమూ ముందు దాసి ఓబులమ్మ చేత రుచి చూపించేవాడు.

ఒకరోజు ఆమె మీద మండిపడ్డాడు. "నా తిండిలో విషం కలుస్తోంది! అదే తినే నీకు మతిమరుపు ఎందుకు రాలేదు? నిజం చెప్పకపోతే తల తీయిస్తాను."

"నేను తినేది ఒక్క ముద్దే ప్రభూ. ఇంటికెళ్ళి మావాళ్ళతో జొన్నసంకటి, ఆకుకూర తింటాను. నేతి అరిసెలు, వేపుళ్ళు పళ్ళేలకు పళ్ళేలు మీరొక్కరే తిన్నారు. మీ మతిమరుపుకు కారణం విషం కాదు, ఆ అతి తిండే. పక్కన పంచుకునేవాళ్ళుంటే మీ వంతుకు ఇంత వచ్చేదే కాదు."

రాజు ముందున్న పళ్ళెం పక్కకు జరిపాడు.

"రేపు మీ సంకటి తీసుకురా. ఇద్దరం కూర్చుని తిందాం. ఇంతకీ నీ పేరేమిటి?"

"ఓబులమ్మ, ప్రభూ. రేపు మళ్ళీ చెబుతాలెండి."