అన్నీ నడిముక్కలే

అనగనగా ఒక ఊళ్ళో, ఊరని పిలిస్తే దానికే సిగ్గేసేంత చిన్న ఊళ్ళో, కొండ కింద గవరమ్మ అని ఒకావిడ ఉండేది. కాళ్ళు లోపల పెట్టుకో నాన్నా, చెబుతున్నాను. గవరమ్మ బొంతలు కుట్టేది. వాళ్ళమ్మ కుట్టింది, వాళ్ళ అమ్మమ్మా కుట్టింది. ఆ వీధిలో ఆడవాళ్ళందరిదీ అదే పని. అందుకే దాన్ని బొంతల వీధి అనేవాళ్ళు.

గుడ్డ మాత్రం వాళ్ళది కాదు. పెద్దింటి సుభద్రాయమ్మగారిది. ఆవిడకి బట్టల కొట్టు ఉండేది. చొక్కాలూ రవికెలూ కత్తిరించగా మిగిలిన ముక్కల్ని మూటలు కట్టి బొంతల వీధికి పంపించేది. వీళ్ళు కుట్టేవాళ్ళు. కుట్టిన బొంతలు బండెక్కి పట్నం పోయేవి. వీళ్ళ గుడిసెల కింద నేల కూడా ఆవిడదే. గుడిసెల మీద ఆకాశం ఎవరిదో మాత్రం ఇంకా ఎవరూ తేల్చలేదు.

మరి వీళ్ళకేం మిగిలేదంటే, పీలికలు. వేలెడు వెడల్పు కూడా లేని పీలికలు. దేనికీ పనికిరావు కాబట్టి అవి కుట్టినవాళ్ళవి. అది ఆ ఊరి ఆనవాయితీ.

గవరమ్మకి బంగారం అక్కర్లేదు, మేడ అక్కర్లేదు. నిద్ర కావాలి. చలికాలం వస్తే కొండ మీంచి మంచు జారి వచ్చి చాప కింద దూరేది. ఒక పక్కకి తిరిగితే రెండో పక్క గడ్డ కట్టేది. రాత్రంతా అలా దొర్లి, పగలంతా సూది పట్టుకుని తూగేది. తూగినప్పుడల్లా సూది వేల్లో దిగేది. ఊరందరికీ బొంతలు కుట్టిన ఆ మనిషికి కప్పుకోవడానికి ఒక్క బొంత లేదు. చలి ముదిరేలోపు తనకోసం ఒకటి కుట్టుకోవాలని ఆశ. అంతే ఆశ.

ఇక్కడ నీకొకటి చెప్పాలి. ఆ ఊళ్ళో బొంత కుట్టడం నట్టనడుమ నుంచి మొదలుపెట్టేవాళ్ళు. ముందు అరచెయ్యంత ముక్క ఒకటి పెట్టి, దాని చుట్టూ మిగతావి పేర్చి, టాకాలు వేసుకుంటూ అంచుల దాకా పోయేవాళ్ళు. ఆ మొదటి ముక్కని నడిముక్క అంటారు. బొంత ఎవరిదో వాళ్ళు కట్టి విడిచిన బట్టలోంచే దాన్ని తియ్యాలి. అమ్మకానికి పట్నం పోయేవాటికి మాత్రం కొట్టు గుడ్డే పెట్టేవాళ్ళు. నడిముక్క ఎవరిదైతే బొంత వాళ్ళది. ఇంకొకరి నడిముక్క ఉన్న బొంత కప్పుకుంటే ఆ ఇంకొకరి అలసటంతా మన ఒంట్లోకి దిగుతుందని వాళ్ళ నమ్మకం.

అప్పుడు గవరమ్మ తన పాత చీర కొంగులోంచి ముక్క తీసి నడిముక్క పెట్టుకుంది. పీలికకి పీలిక అతికింది. వెడల్పు చాలక ఒక్కో ముక్కకి మూడేసి పీలికలు కలిపింది. దారానికి మైనం రాసి, బొంతసూదితో నెమ్మదిగా కుట్టింది. కుట్టి, ఉతికి, గుమ్మంలో ఆరేసింది.

అప్పుడే సుభద్రాయమ్మగారు ఆ దారిన వచ్చింది. నడుముకి ఎప్పుడూ ఒక కత్తెర వేలాడుతూ ఉండేది ఆవిడకి.

"ఏమే గవరమ్మా, భలే కుట్టావే! మా అమ్మాయికి నెలలు నిండాయి. పురిటి మంచం మీదకి బాగుంటుంది. ఇటివ్వు."

"అది నాకోసమండి అమ్మగారూ. నడిముక్క నాదే."

"అదెంత పని!" అని సుభద్రాయమ్మగారు కత్తెర తీసింది. టకటకా నడిముక్క కుట్లు తెంపింది. ఆ ముక్కని గవరమ్మ ఒళ్ళోకి విసిరింది. "ఇదిగో, నీది నీకే ఇచ్చేశాను. ఒకరి సొమ్ము మాకెందుకే?"

బొంత భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఏమిటి నాన్నా? ఇవ్వనని చెప్పొచ్చు కదా అంటావా? చెప్పొచ్చు. చెప్పాక వెళ్ళి పడుకోవడానికి గుడిసె ఉండాలి కదా.

ఆ తర్వాత గవరమ్మ మళ్ళీ పీలికలు పోగేసింది. మళ్ళీ కొంగు చింపి నడిముక్క పెట్టింది. ఈసారి గుమ్మంలో ఆరెయ్యలేదు, చూరు కింద దాచిపెట్టి కుట్టింది. పొగకి కళ్ళు మండాయి. అయినా ఎన్నాళ్ళు దాస్తుంది? ముక్కల మూట తెచ్చిన బండివాడు చూశాడు, పెద్దింట్లో చెప్పాడు.

సుభద్రాయమ్మగారు వచ్చింది. "ఉయ్యాలబల్ల గట్టిగా ఉందే, కూర్చుంటే నడుం నొప్పి. ఇటివ్వు," అంది. కత్తెర టకటకలాడింది. ముక్క ఒళ్ళో పడింది.

మొదటిసారి పసిబిడ్డ కోసం పట్టుకెళ్ళింది. రెండోసారి చెక్క కోసం. గవరమ్మ ఆ రెండో ముక్కని మొదటి ముక్కతో కలిపి కొంగున ముడేసుకుంది. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కాస్త ఓపిక కావాలి నాన్నా.

అప్పుడు చలి ముదిరింది. ముసురు పట్టింది. గవరమ్మ పీలికలు ముందేసుకుని కూర్చుంది గానీ చెయ్యి లేవలేదు.

పక్కింటి అసిరమ్మ వచ్చింది. అసిరమ్మ గొంతు వీధి ఈ చివర పలికితే ఆ చివర పిల్లులు లేచేవి.

"ఒలే గవరమ్మా, ఏటలా కూకున్నావు? నడిముక్కెట్టవేటి?"

"ఎట్టి ఏటి సెయ్యాలప్పా? మళ్ళీ వొస్తది, మళ్ళీ కోస్తది." గవరమ్మ కొంగు ముడి విప్పి రెండు ముక్కలూ చూపించింది.

  అసిరమ్మ వెంటనే ఇంటికి పోయి ఒక కుండ తెచ్చి బోర్లించింది. దాన్నిండా నడిముక్కలే. ఆవిడవి, వాళ్ళ అత్తవి, అత్తకి అత్తవి. కత్తెర తెంపి ఒళ్ళోకి విసిరినవే అన్నీ. చిల్లు కుండ కాబట్టి గింజలు పోసుకోలేక, ముక్కల్ని పారెయ్యడానికి మనసొప్పక, వాటిని అందులో దాచింది.

అప్పుడు ఎదురింటి ముసలి పెంటమ్మ తన నడిముక్కల మూట తెచ్చింది. కొత్త కోడలు నీలాలు తన ఒక్క ముక్కా తెచ్చింది. ఒక్కటే ఉన్నందుకు సిగ్గుపడుతూ తెచ్చింది. "సిగ్గెందుకే గుంటా, నువ్వూ కూడబెడతావులే," అంది పెంటమ్మ.

అందరివీ కలిపితే ఒక బొంతకి సరిపోయేలా ఉన్నాయి. అడుగున పరవడానికి పెంటమ్మ తన మెత్తటి పాత చీర ఇచ్చింది.

"సంతలో ఎవడో జెండా పట్టుకుని అరుస్తన్నాడు, దున్నేవాడిదే భూమి అని," అంది అసిరమ్మ. "మరి కుట్టేదానిదే బొంత కాదేటి?"

"అలాగైతే చాకలి రావులమ్మదే ఊళ్ళో చీరలన్నీ," అంది పెంటమ్మ. "ముందు నడాన ఎవరిది ఎడతావో అది సెప్పు."

అంతే, పోట్లాట మొదలైంది.

"మా అత్తది ఎట్టాలి, అందరికన్నా పాతది," అంది అసిరమ్మ.

"పాతదైతే? సిరిగిపోయింది. నాదెట్టండి, రంగు నిలబడింది," అంది పెంటమ్మ.

"చీర నాది! నడుమ నాది కాకపోతే చీర ఇటు తెచ్చీ!" అని మళ్ళీ పెంటమ్మే ఎగిరింది.

నీలాలు ఇటు చూస్తుంది, అటు చూస్తుంది. గవరమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. తల గోడకి కొట్టుకుంది.

"ఎక్కడోకాడ ఎట్టండమ్మా," అంది. "మీ కాళ్ళు మొక్కుతాను. ఎవురి పక్క నుంచి వాళ్ళు కుట్టీండి. నాకు నిద్దరొస్తంది."

అందరూ అలసిపోయే ఉన్నారు. ఇంక వాదించే శక్తి ఎవరికీ లేదు. చీర పరిచి నాలుగు మూలలా నలుగురూ కూర్చున్నారు. ఎవరి మూల నుంచి వాళ్ళు లోపలికి కుట్టుకొచ్చారు. ఆ ఊరు పుట్టాక ఎవరూ బొంతని మూలల నుంచి కుట్టలేదు. వాళ్ళ అమ్మలు చూస్తే చెవి మెలిపెట్టేవాళ్ళు. దాన్ని తెలివనుకునేవు నాన్నా, తెలివేం కాదు, ఒట్టి అలసట.

ముసురు తెరిపి ఇచ్చేసరికి నలుగురి కుట్లూ నడుమ కలిశాయి. ఆ కలిసిన చోట ముక్క లేదు, కుట్టు ఒక్కటే ఉంది.

ఆ తర్వాత సుభద్రాయమ్మగారు రానే వచ్చింది. వీధి గుమ్మంలో బండి ఆగింది.

"తీర్థానికి వెళ్తున్నామే. బండిలో కాళ్ళ కింద చల్లగా తగులుతోంది. అబ్బో, ఇదేదో కొత్త రకంగా ఉందే! ఇటివ్వు."

మొదట పసిబిడ్డకి. తర్వాత చెక్కకి. ఇప్పుడు కాళ్ళ కిందకి.

గవరమ్మ లేచి బొంత అందించింది. కాదనలేదు. సుభద్రాయమ్మగారు అరుగు మీద కూర్చుని బొంత ఒళ్ళో వేసుకుని కత్తెర తీసింది.

"నడిముక్క ఏదే?"

"మీ సెయ్యి కింద ఉన్నదేనండి," అంది అసిరమ్మ. "మా అత్తది. పాపం, మీ ఇంట్లో వడ్లు దంచీ దంచీ పోయింది."

ఆవిడ దాన్ని తెంపి విసిరింది. "ఇంక వెళ్తాను."

"దాని పక్కది కూడా నడిముక్కేనండి," అంది పెంటమ్మ. "నాది. మీ మావగారి పాడె ముందు నడిసి పూలు సల్లిన సీర."

దాన్నీ తెంపింది.

"దాని కిందది నాదండి," అంది నీలాలు, నేల చూపులు చూస్తూ. "కొత్తదేనండి. అప్పుడే అలిసిపోనాది."

సుభద్రాయమ్మగారి చెయ్యి ఆగింది. బొంత అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా వెతికింది. "మరి ఇది? ఇదెవరిది? ఇదీ?"

"అన్నీ నడిముక్కలేనండి అమ్మగారూ," అంది గవరమ్మ. "మీరు ఎవురిది ఆళ్ళకి ఇచ్చేసినవే. మావి మేము కుట్టుకున్నాము."

రెండు ముక్కలకే కత్తెర పట్టిన బొటనవేలు ఎర్రగా కందింది. ఆవిడ జన్మలో ఒక్కసారిగా ఇన్ని కుట్లు తెంపలేదు, ఇంకా బొంతంతా మిగిలే ఉంది. ఒళ్ళో చూస్తే బొంత, ఆ బొంతలో ముత్తవ్వలూ అవ్వలూ అత్తలూ కోడళ్ళూ, వాళ్ళందరి దంచుళ్ళూ మోతలూ జాగారాలూ. సుభద్రాయమ్మగారికి ఒక ఆవులింత వచ్చింది. దాని వెనకే ఇంకొకటి. ఆ వెనక దవడలు పట్టేసేంత పెద్దది. నడుం లాగింది. కాళ్ళు బరువెక్కాయి. ఆవిడ గభాలున లేచి నిలబడింది. బొంత కాళ్ళ దగ్గర పడింది.

"తీసుకెళ్ళరేటండి అమ్మగారూ?" అంది అసిరమ్మ.

"ఇంతమంది అలసట నేనెక్కడ మొయ్యనే! మీ దరిద్రం మీ దగ్గరే ఉంచుకోండి. రేపటికి మూటలన్నీ అయిపోవాలి, తెలిసిందా?"

ఆవులిస్తూనే బండెక్కింది. బండి పోయింది.

అప్పుడు నవ్వారా అంటావా? అసిరమ్మ నవ్వబోయింది గానీ అది కూడా ఆవులింతలోనే కలిసిపోయింది. రేపు పని ఉంది. నేల సుభద్రాయమ్మగారిదే, గుడ్డ ఆవిడదే. మళ్ళీ ఏ వంకతో వస్తుందో తెలియదు. కత్తెర తెంపిన ముక్కలు ఏరి, నీలాలు సూదిలో దారం ఎక్కించబోయింది.

"ఉండనీయే గుంటా," అంది గవరమ్మ. "పడుకుని లేసినాక."

పట్టపగలు. గుమ్మంలో పెద్దింటి మూటలు కట్టు విప్పకుండా అలాగే ఉన్నాయి. నలుగురూ చాప మీద అడ్డంగా పడుకుని బొంత లాక్కున్నారు. ఇంకొకరి అలసట ఒంట్లోకి దిగుతుందన్న భయం లేదు, నలుగురిదీ ఒకటే అలసట. అది నలుగురికి చాలదు. ఇటు లాగితే అటు కాళ్ళు బయట, అటు లాగితే ఇటు వీపు బయట. "నీ మోకాలు తియ్యే!" "నీ చెయ్యి బరువే!" అని కాసేపు తిట్టుకున్నారు. ఆ తర్వాత తిట్లు సగంలో ఆగిపోయాయి. చలి చాప దాకా వచ్చి, దూరడానికి చోటు లేక చూరు కింద నిలబడింది.

మూటల సంగతేమిటని పెద్దింటి నుంచి మనిషి వచ్చాడు. తలుపు కొట్టాడు. గట్టిగా కొట్టాడు. గవరమ్మ లేవలేదు. ఎవరి అలసట వాళ్ళ ఒంట్లోంచి బొంతలోకి దిగుతోంది, లేవడానికి ఆవిడ ఇంకా తేలిక కాలేదు.

సూదికి సెలవు, దారానికి సెలవు,
చలికి మనింట లేదిక కొలువు.
కథ నడిచిపోయింది కంచికి,
మనం చేరుకున్నాం ఇంటికి,
నిద్దర రావాలి నీ కంటికి.