దేశం వచ్చింది

ఊ కొడితే ఉన్న కథ, కొట్టకపోతే లేని కథ. అనగనగా ఎప్పుడో, ఎర్రగుట్ట మీద ఆగవ్వ అనే ముసలమ్మ ఉండేది. ఆమెకున్నవి ఒక జొన్నచెలక, ఒక చేదబావి, ఒక పెద్ద నోరు. చెలక ఆమెది. బావి గూడెం అందరిదీ. నోరు, ఎదురుపడ్డ వాళ్ళది.

ఒకనాడు ఒక పెద్దసారు గుట్టెక్కి వచ్చాడు. దేశమంతటికీ ఒక పెద్ద పనుల బడి కడతారట. ఇంజన్లు చేయడం, వంతెనలు కట్టడం నేర్పే బడి. దానికి ఆమె చెలక కావాలట.

"ఎవరి కోసం సారూ ఇదంత?" అంది ఆగవ్వ.

"దేశం కోసం అవ్వా."

"దేశమంటే ఎవరు? ఎన్నడూ మా గుట్టకు రాలే."

పెద్దసారు నవ్వాడు. "నువ్వే దేశం" అన్నాడు.

ఆగవ్వ మురిసిపోయి చెలక ఇచ్చేసింది. "మాటకు మురిసి చెలక ఇచ్చిన పిచ్చిది" అని గూడెం నవ్వింది.

బడి లేచింది. పెద్ద గేటు లేచింది. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చారు. గూడేనికి మాత్రం ఆ బడి నుంచి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఇంతలో నడివేసవిలో బావి గిరక విరిగింది. గిరక లేకుండా నీళ్ళు తోడితే తాడు అరచేతుల్ని కోసేస్తుంది.

"పోయి నీ దేశాన్ని అడుగు" అన్నారు ఆడవాళ్ళు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. గిరక లేకుండా తిరిగొస్తే ఆగవ్వ ఇక గూడెంలో తలెత్తుకోలేదు.

విరిగిన గిరక చంకన పెట్టుకుని బడికి బయల్దేరింది.

"ఆగవ్వా!" అని కసిరాడు గేటు కాసే రాజలింగం.

"నా పేరు నీకెట్ల తెలుసు బిడ్డా?"

"పేరేంది? ఆగమంటున్న! ఎవరు నువ్వు?"

"దేశాన్ని. మీ పెద్దసారుతోని దేశం వచ్చిందని చెప్పు."

రాజలింగం పకపకా నవ్వి పంపేశాడు.

రెండోనాడు మళ్ళీ వెళ్ళింది. "దేశం వచ్చిందని చెప్పు." ఈసారి బడి పిల్లలూ గుమిగూడి నవ్వారు. పెద్దసారు మాట ఉత్తదేనేమోనని ఆమెకు మొదటిసారి అనిపించింది. దారిలో బండమీద కూర్చుని ఏడ్చింది, పాపం.

మూడోనాడు గుట్ట దద్దరిల్లేలా అరిచింది. "దేశం వచ్చిందని చెప్పు!" పెద్ద నోరని ముందే చెప్పానుగా! ఆ కేక పాఠం చెబుతున్న పెద్దసారు చెవిన పడింది. చేతిలో సుద్దముక్కతోనే పరుగెత్తుకొచ్చాడు. గిరకను చూశాడు. తానన్న మాట గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

"లేవండిరా, దేశం వచ్చింది" అని పిల్లల్ని పిలిచాడు.

పిల్లలు గిరక చేశారు. మొదటిది తాడును జారవిడిచింది. రెండోది తిరగనని మొండికేసింది. మూడోది గిర్రున తిరిగింది. తొలి బొక్కెన నీళ్ళు ఆగవ్వ ఆ పిల్లల దోసిళ్ళలోనే పోసింది. "తాగుండ్రి బిడ్డా, ఎండల కష్టపడ్డరు" అంది.

కాలం గడిచి ఆగవ్వ పోయింది. పాడె మేం మోస్తామంటే మేం మోస్తామని బడి పిల్లలూ గూడెం వాళ్ళూ పోట్లాడుకున్నారు. రాజలింగం ఏడుస్తూ గేటు బార్లా తెరిచాడు. ఆమెను ఆమె చెలక మీదుగానే తీసుకెళ్ళారు.

ఇప్పటికీ ఆ గేటు దగ్గరికి ఎవరైనా విరిగిన నాగలో, తిరగని మోటారో పట్టుకొస్తే కాపలావాడు పేరడగడు. "దేశం వచ్చింది!" అని లోపలికి కేకేస్తాడు. పాఠం సగంలో ఉన్నా పిల్లలు లేస్తారు. 'ఆగు' అనే మాట మాత్రం అక్కడ ఎవరూ అనరు. అంటే ముసలమ్మ "పిలిచినవా బిడ్డా?" అంటూ వచ్చేస్తుందట.