పాతాళగరిగె అరువు

ఒక తల్లి పుట్టిన ఊరికి చాలా దూరంలో కూతుర్ని పెంచుకుంటోంది. పెరట్లో దిగుడుబావి ఉంది. దాని తలుపుకి ఆమె పెద్ద తాళం వేసింది.

"అమ్మా, ఒక్కసారి ఈత!" అని కూతురు రోజూ బతిమాలేది.

"నాకే ఈత రాదు. నువ్వు మునిగితే తీసేదెవరు?" అనేది తల్లి.

రోజూ తెల్లవారుజామున ఆమెకు అదే కల. బావిలో ఒక పిల్ల మునుగుతూ ఉంటుంది. తల్లి గట్టున నిలబడి అరుస్తుంది, అరుపు బయటికి రాదు. లేచి వెళ్లి తాళం లాగి చూసుకునేది.

వీధి చివర ఒక అవ్వ ఉండేది. బావిలో పడ్డ చేదల్ని పైకి లాగే కొక్కేల గుత్తి, పాతాళగరిగె, ఆ పేటకంతటికీ ఆవిడ దగ్గరే ఉంది. కలలో బావులకి ఆవిడ వేరే గరిగె ఇస్తుందని చెప్పుకునేవారు.

"మా పిల్లని పైకి లాగాలి, ఇవ్వవ్వా," అంది తల్లి.

"మొహం చూశావా?"

"లేదు. నీళ్లమీద బారెడు జడ ఒకటే తేలుతోంది."

అవ్వ బోసినోటితో నవ్వింది. "నీ కూతురికి మొన్ననేగా గుండు కొట్టించావు! జడెక్కడిదే?"

అయినా తల్లి గరిగె కోసం చెయ్యి చాపింది.

"తాకట్టు లేనిదే గరిగె గడప దాటదు. ఆ తాళంకప్ప ఇవ్వు."

"అమ్మో, బావి తలుపు తెరిచి ఉంచాలా?"

"మూసిన బావిలోకి గరిగె ఎట్లా దిగుతుందే?"

ఆ రాత్రి తల్లి గరిగెను తలగడ కింద పెట్టుకుంది. కూతురి చేతిని తన కొంగుకు ముడేసుకుని పడుకుంది.

కలలో గరిగె దిగింది. తగిలింది! రెండు చేతులా లాగింది. తాడు పట్టుకుని ఒక పిల్ల కిలకిలా నవ్వుతూ పైకొచ్చింది.

"అప్పుడే లాగేశావేం? ఇంకొక్క మునక!"

తడి జడ కింద చిన్ననాటి తన మొహమే. ఆ పిల్ల వెనక్కి దూకి చేపలా నీళ్లు కోసుకుంటూ పోయింది. చూస్తుంటే తల్లి భుజాలు వాటంతటవే కదిలాయి. తను ఇలాగే ఈదుతుంటే ఒకనాడు తన తల్లి కూడా బావికి తాళం వేసిందని గుర్తొచ్చింది.

తెల్లారగానే కొంగుముడి విప్పి, గరిగె పట్టుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తింది.

"అవ్వా, అది మునగడం లేదు! ఈదుతోంది! అది నేనే!"

"ఇదిగో నీ తాకట్టు," అంటూ అవ్వ తాళంకప్ప అందించబోయింది.

అప్పుడే తల్లి ఇంటి పెరటి వైపు నుంచి ధబ్బుమని నీళ్ల చప్పుడు.

తల్లి కుచ్చిళ్లు ఎగదోపి పరుగు తీసింది.

"ఒసే, నీ తాళమే!" అని అవ్వ కేకేసింది. ఆమె వెనక్కి తిరగలేదు.

రెండో చప్పుడు వినిపించింది. ముందు చిన్న దగ్గు, ఆ తర్వాత ఇద్దరి నవ్వులు.

ఆ తాళంకప్ప ఇప్పటికీ అవ్వ గుమ్మానికే వేలాడుతోంది.