కరక్కాయ ధీమా

జనగామ దగ్గరి ఒక ఊళ్లో బీరయ్య అనే గొర్రెల కాపరి ఉండేవాడు. ముందు పని కానిచ్చేసి, ఏదైనా చెడితే తర్వాత బాగుచేసుకోవచ్చులే అనుకునే రకం.

మనిషి చెడ్డవాడు కాదు. భర్త పోయిన చెల్లెలు కనకవ్వంటే ప్రాణం. ఆమె పొద్దంతా బీడీలు చుట్టేది. ఆమెకున్న కొద్దిపాటి గొర్రెల్ని బీరయ్యే తన మందతో కలిపి మేపేవాడు. బక్రీదుకు వాటిని అమ్మి, కూతుర్ని నర్సు చదువుకు పంపాలని కనకవ్వ ఆశ.

ఆ ఎండాకాలం మేత లేక గొర్రెలు బక్కచిక్కాయి. తన పెద్ద గొర్రెల్ని బీరయ్య అప్పటికే అమ్మేశాడు, గొర్రెపిల్లలే మిగిలాయి. ఇక చెల్లెలివి బలిసేదాకా అతనికి నిద్ర పట్టదు. రోజూ మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, పోయడం మొదలుపెట్టాడు. ఒకసారి ఎక్కువై అవి విరేచనాలతో పారుకున్నాయి. కరక్కాయ నూరి రసం తాపాడు. విరేచనాలు కట్టుకున్నాయి. మక్కలు ఆపి తుమ్మాకు మేపడం వల్ల కూడా అవి కుదుటపడి ఉండొచ్చని అతనికి తట్టనే లేదు. అంతా కరక్కాయ మహిమే అనుకున్నాడు.

పండుగ దగ్గరపడింది. రోడ్డు పక్క ఫంక్షన్ హాల్లో పెళ్లి జరిగి బోలెడు అన్నం మిగిలింది. బీరయ్య దాన్ని గంగాళాలతో తెచ్చి చెల్లెలి గొర్రెల ముందు కుమ్మరించాడు.

అతని భార్య ఎల్లవ్వ పరుగెత్తుకొచ్చింది. "ఏందయ్యా గిది! ఆకు మేసే కడుపుకు గింత అన్నమా? మనయి గూడ కావు, జర భయపడు!"

"ఏమైతదే? పారుకుంటే కరక్కాయ తాపుత. నాకు ఎరికలేదా?" అన్నాడు బీరయ్య.

గొర్రెలు ఎగబడి తిన్నాయి. చాలు అనడం వాటికి తెలియదు. పెట్టేవాడికి తెలియాలి.

సాయంత్రానికి వాటి కడుపులు ఉబ్బాయి. పళ్లు కొరుకుతూ ఒక్కొక్కటే పడిపోయాయి. బీరయ్య కరక్కాయ రసం తాపాడు. మళ్లీ తాపాడు. తెల్లారి పశువుల డాక్టరు వచ్చేసరికి ఒక్కటీ మిగలలేదు.

డాక్టరు ఒక గొర్రెను కోసి చూపించాడు. కడుపు లోపలి పొర పుండ్లుపడి, చేయి తగిలితే ఊడి వస్తోంది.

"అన్నం లోపల పులిసి ఈ పొరను తినేసింది. తిన్నదాంట్లో మంచిని ఒంట్లోకి పంపి, చెడును ఆపేది ఇదే. ఇది పోతే కడుపులోని విషమంతా నెత్తురులో కలుస్తుంది."

"కరక్కాయ తాపిన గద సారూ!" అని ఏడ్చాడు బీరయ్య.

"ఆకులూ కాయలూ కొంత మేలు చేస్తాయేమో, కాదనను. కానీ పొరంతా ఊడిపోయాక అవి దేన్ని పట్టుకుని పనిచేస్తాయి? ముందే నాలుగు పిడికిళ్ల అన్నంతో ఆపాల్సింది బీరయ్యా."

బీరయ్య చెల్లెలింటికి వెళ్లాడు. విషయం చెప్పి గడప దగ్గర కూలబడ్డాడు. కనకవ్వ చేతిలోని బీడీ ఆకులు జారిపోయాయి.

"ఒక్కటన్న బతికిందా అన్నా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "నా తాన గొర్రెపిల్లలున్నయి చెల్లె. అన్నీ తోలుకపో."

ఆ పిల్లలు అమ్మకానికి రావాలంటే ఇంకా ఏడాది పడుతుంది. ఈలోపు చదువు సంగతి అంతే. లోపల కూతురు గోడకు తిరిగి ఏడుస్తోంది. కనకవ్వ జారిన ఆకులు ఏరి చాటలో వేసింది.

"తోలుకపోత," అంది చివరికి. "గని నేనే మేపుకుంట అన్నా. నువ్వు రాకు."

తిట్టి ఉంటే బీరయ్యకు ఇంత బాధ ఉండేది కాదు. మర్నాటి నుంచి కనకవ్వ గొర్రెపిల్లల వెంట వెళ్లింది. నర్సు కావాల్సిన పిల్ల బీడీల చాట ముందు కూర్చుంది. అన్న ఆ దారిన పోయినా ఎవరూ తలెత్తి చూడలేదు.

నీతి: మందుంది కదా అన్న ధీమాతో చేసే తప్పుకు ఏ మందూ పనిచేయదు.